గ్యాస్ సంగతి తర్వాత, ముందు ఐసు చూడండి

ఉగాది దాటి ఎండ ముదిరిందంటే మా రాజమహేంద్రవరంలో నా ఫోన్‌కి తీరిక ఉండదు. అవతలి గొంతు ఎవరిదైనా మాట ఒకటే: "ఫ్రీజర్లో ఐసు కట్టట్లేదు బాబూ, గ్యాస్ అయిపోయినట్టుంది. వచ్చి ఎక్కించి వెళ్ళు." ఐటీఐలో రిఫ్రిజరేషన్ ట్రేడ్ చదువుకుని, ఈ పనిలోనే జుట్టు నెరిసినవాణ్ణి. చూసినదాన్ని బట్టి చెబుతున్నాను: ఆ ఫోన్లలో ఎక్కువ వాటికి గ్యాస్‌తో సంబంధం ఉండదు. నిజంగా గ్యాస్ పోయినచోట కూడా కొత్తగా ఎక్కించి వచ్చేస్తే పని అయిపోయినట్టు కాదు.

వంటింటి సిలిండర్లో గ్యాస్ మండుతుంది, అందుకే అయిపోతుంది. ఫ్రిజ్‌లో గ్యాస్ మండదు, ఖర్చవదు. కంపెనీలో నింపి మూతి మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ళ తరబడి తిరుగుతూ ఉంటుంది. కింద వెనకవైపు నల్లగా గుండ్రంగా కనిపించే కంప్రెసర్ దాన్ని గట్టిగా నొక్కి కండెన్సర్ గొట్టాల్లోకి తోస్తుంది. అక్కడ తన వేడిని గది గాలికి ఇచ్చేసి గ్యాస్ ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం గుండుసూది దూరేంత రంధ్రం ఉన్న పొడవాటి రాగి గొట్టంలోంచి, అంటే క్యాపిలరీలోంచి, ఫ్రీజర్ కాయిల్లోకి వెళ్ళి పడుతుంది. పడగానే ఒత్తిడి తగ్గి మరగడం మొదలుపెడుతుంది. మరగడానికి కావలసిన వేడిని ఫ్రీజర్లో ఉన్న రొయ్యల నుంచి, పాల ప్యాకెట్ల నుంచి, గాలి నుంచి లాక్కుంటుంది. మళ్ళీ ఆవిరై కంప్రెసర్‌కి చేరుతుంది. ఫ్రిజ్ చేసే పనంతా ఇదే, లోపలి వేడిని మోసుకెళ్ళి బయట వదలడం. ఐసు కట్టడం లేదంటే లోపల వేడిని తీసుకునే చోటో, బయట వదిలే చోటో, మధ్యలో తిప్పే యంత్రమో ఎక్కడో ఒకచోట అడ్డం పడిందన్నమాట. గ్యాస్ తగ్గడం ఆ అడ్డాల్లో ఒకటి మాత్రమే.

మెకానిక్‌కి ఫోన్ చేసేముందు ఐస్‌క్రీమ్ డబ్బా మూత తీసి చూడండి. ఫ్రీజర్ ఉండాల్సింది మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర. కింది గది 4 డిగ్రీల దగ్గర ఉంటే చాలు. నీళ్ళు సున్నా దగ్గరే గడ్డకడతాయి. ఐస్‌క్రీమ్‌లో చక్కెర కరిగి ఉంటుంది కాబట్టి మైనస్ 10, 12 దాకా వచ్చేసరికే మెత్తబడుతుంది. కాబట్టి ట్రేలో ఐసు రాయిలా ఉండి ఐస్‌క్రీమ్ మాత్రం గరిటెకి జారిపోతోందంటే మీ ఫ్రిజ్ పనిచేస్తోంది, కాని బలం చాలడం లేదు. తలుపు, దుమ్ము, గాలి దారి, పేరుకున్న మంచు లాంటివి వెతకాలి. ట్రేలో ఐసు కూడా నీళ్ళయిపోయిందంటే యంత్రం ఆగిపోయి ఉండాలి, లేదా గ్యాస్ పోయి ఉండాలి. ఈ ఒక్క సంగతి ఫోన్లో స్పష్టంగా చెప్పగలిగితే నాలాంటివాడికి సగం పని తగ్గుతుంది. చిన్న ఫ్రిజ్ థర్మామీటర్ ఒకటి కొని, రాత్రి ప్యాకెట్ల మధ్య పెట్టి, పొద్దున్నే తలుపు తీసిన వెంటనే చదివితే ఇంకా మంచిది.

రెండో పరీక్ష చేతితో. పాత ఫ్రిజ్‌లకి వెనక నల్లటి జాలీలా కండెన్సర్ కనిపించేది. కొత్తవాటిలో ఆ గొట్టాలను పక్క గోడల రేకు లోపల దాచేస్తున్నారు. అందుకే వేసవిలో ఫ్రిజ్ పక్కలు ముట్టుకుంటే చురుక్కుమంటాయి. "పేలిపోతుందేమోనండీ" అని భయపడి ప్లగ్గు పీకేసినవాళ్ళున్నారు. ఆ వేడి ఫ్రిజ్ లోపలి నుంచి వచ్చిన వేడే. అది బయటికి వస్తోందంటే గ్యాస్ తిరుగుతోందని అర్థం. భయపడాల్సింది కంప్రెసర్ మాత్రం గుర్రుమంటూ ఆగకుండా తిరుగుతూ, పక్కలు గంటల తరబడి చల్లగానే ఉన్నప్పుడు. ఆ లక్షణం చూస్తే నాకు కూడా గ్యాస్ మీదే అనుమానం వస్తుంది.

ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న ఫ్రిజ్‌లకి ఒక మాట చేర్చాలి. అవి తక్కువ వేగంతో ఎక్కువసేపు నడిచేలా తయారైనవి. "పాతదానిలా మధ్యమధ్యలో ఆగట్లేదు" అని కంగారు పడనక్కర్లేదు.

ఇక కాస్త తికమక పెట్టే చిన్న విషయాలు. ఫ్రీజర్‌ని మామూలు ఫ్రిజ్‌లా మార్చుకునే వీలున్న కన్వర్టిబుల్ మోడళ్ళు ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉన్నాయి. తలుపు మీద బటన్ పిల్లల చేతికందే ఎత్తులో ఉంటుంది. ఎవరో నొక్కితే ఫ్రీజర్ కాస్తా కూరల అరగా మారి కూర్చుంటుంది. షోరూమ్‌లో చూపించడానికి పెట్టిన డెమో మోడ్ అలాగే ఉండిపోయి ఇంటికి వచ్చిన ఫ్రిజ్‌లు కూడా చూశాను. లైటు వెలుగుతుంది, డిస్‌ప్లేలో అంకెలు కనిపిస్తాయి, కూలింగ్ ఒక్కటే ఉండదు. ఈ రెండింటికీ మెకానిక్ అక్కర్లేదు, ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకం చాలు. నాబ్ ఉన్న ఫ్రిజ్‌లో అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుంది, 1 కంటే 5 ఎక్కువ చల్లన. దీన్ని తిరగేసి అర్థం చేసుకుని, వేసవిలో 1 మీద పెట్టుకున్న ఇళ్ళు కూడా ఉన్నాయి.

అసలు విషయంలోకి వెళ్ళాలంటే మీది ఏ రకమో తెలియాలి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ పెట్టె గోడలే కాయిల్. అల్యూమినియం రేకుల మధ్య గ్యాస్ దారులు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. ఆ రేకు మీద గాలిలోని తేమ మంచుగా పేరుకుంటుంది. గోదావరి ఒడ్డున మా ఊరి గాలికి తేమ ఎక్కువ, తలుపు తీసిన ప్రతిసారీ ఆ తేమ లోపలికి వెళ్తుంది. పల్చటి పొరైతే ఫరవాలేదు. అరసెంటీమీటరు దాటితే ఆ మంచే దుప్పటిలా అడ్డుపడి చలిని సరుకు దాకా రానివ్వదు. మంచు ఎక్కువగా ఉంది కదా, ఫ్రిజ్ బాగా పనిచేస్తోంది అనుకుంటారు. నిజానికి ఆ మంచు వల్లే ఐస్‌క్రీమ్ మెత్తబడుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. నాబ్ మధ్యలో ఉండే డీఫ్రాస్ట్ బటన్ రాత్రి పడుకునేముందు నొక్కండి. ఫ్రీజర్ ముందే ఖాళీ చేసి, కింద ట్రే ఖాళీగా ఉందో లేదో చూసుకోండి. పొద్దుటికి మంచంతా నీళ్ళై పోతుంది.

కత్తి మాత్రం ముట్టుకోవద్దు. దానవాయిపేటలో ఒక ఇంటికి వెళితే, ఫ్రీజర్ తలుపు తీసి ఉంది, మంచులో అతుక్కుపోయిన రొయ్యల ప్యాకెట్ సగం బయటికి వచ్చి ఉంది, పక్కనే కూరలు తరిగే కత్తి. "కొంచెమే గీరానండీ, లోపల్నుంచి బుస్సుమని శబ్దం వచ్చింది" అన్నారు ఆ ఇంటావిడ, కళ్ళలో నీళ్ళతో. టార్చ్ వేసి చూస్తే ఉబ్బెత్తు దారి మీద ఆవగింజలో సగం కూడా లేని చుక్క. ఆ చుక్కలోంచే గ్యాస్ మొత్తం వెళ్ళిపోయింది. అక్కడ జిగురు పెట్టి పూడ్చేవాళ్ళు ఉన్నారు. చలికి వేడికి ఆ రేకు సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది కాబట్టి ఆ అతుకు ఎక్కువ కాలం నిలవడం నేను చూడలేదు. ఫ్రీజర్ పెట్టె మార్చడమే దారి. పదినిమిషాల ఓపికకి బదులు వేలల్లో ఖర్చు. ప్యాకెట్ అతుక్కుపోతే ఫ్రిజ్ ప్లగ్గు తీసేసి, గిన్నెలో వేడినీళ్ళు పోసి ఫ్రీజర్లో పెట్టి తలుపు వేయండి. కాసేపటికి దానంతట అదే ఊడుతుంది.

డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో కథ వేరు. అక్కడ కాయిల్ మీకు కనిపించదు. ఫ్రీజర్ వెనక గోడలా ఉండే ప్లాస్టిక్ ప్యానెల్ వెనకాల ఉంటుంది. చిన్న ఫ్యాను ఆ చల్లగాలిని ఫ్రీజర్లోకీ, ఒక సన్నని దారిలోంచి కింది గదిలోకీ పంపుతుంది. కాయిల్ మీద పేరుకునే మంచును కరిగించడానికి కొన్ని గంటలకోసారి కంప్రెసర్ ఆగి, కాయిల్‌ని అంటిపెట్టుకుని ఉన్న హీటర్ కాసేపు వెలుగుతుంది. కరిగిన నీళ్ళు డ్రెయిన్ గొట్టంలోంచి కంప్రెసర్ మీది ట్రేలోకి జారి ఆవిరైపోతాయి. హీటర్‌ని ఎప్పుడు వేయాలో చెప్పేది టైమర్ లేదా సర్క్యూట్ బోర్డు. కాయిల్ తగినంత వెచ్చబడ్డాక ఆపేది బైమెటల్ లేదా సెన్సర్. వీటిలో ఏ ఒక్కటి చెడినా మంచు కరగదు. కాయిల్ మంచుగడ్డగా మారి గాలి దారి మూసుకుపోతుంది.

ఈ జబ్బు మొదట కింది గదిలో కనిపిస్తుంది. దోసెల పిండి పులిసిపోతుంది, పాలు విరిగిపోతాయి, పైన మాత్రం ఐసు బాగానే ఉంటుంది. కొన్ని రోజులకి పైన కూడా మెత్తబడుతుంది. అప్పుడు గ్యాస్ అయిపోయిందంటారు. ఫ్యాను రెక్కలకి మంచు తగిలి టకటకమనడం, కూరల ట్రే కింద నీళ్ళు చేరడం కూడా ఈ కుటుంబంలోవే. నీళ్ళు చేరితే డ్రెయిన్ రంధ్రం మూసుకుందన్నమాట.

దీన్ని మీరే తేల్చుకోవచ్చు. సరుకంతా పక్కింటి ఫ్రిజ్‌లోకి మార్చి, ప్లగ్గు తీసేసి, రెండు తలుపులూ తెరిచి పెట్టి, కింద పాత తువ్వాళ్ళు పరిచి ఒక పగలూ ఒక రాత్రీ వదిలేయండి. హెయిర్ డ్రయర్‌తో తొందరపడొద్దు. నీళ్ళూ కరెంటూ ఒకచోట చేరడం ప్రమాదం, ప్లాస్టిక్ కూడా వంకర పోతుంది. తర్వాత మళ్ళీ వేయండి. కొత్తదానిలా చల్లబడి, వారమో రెండు వారాలో బాగుండి, మళ్ళీ అదే వరస మొదలైతే గ్యాస్ నిక్షేపంగా ఉన్నట్టు. హీటర్, బైమెటల్, ఫ్యూజు, టైమర్, వీటిలో ఒకటి పోయింది. గ్యాస్ చార్జింగ్‌తో పోలిస్తే ఇవి చవక భాగాలు. ఎవరైనా గ్యాస్ అంటే "మంచు కరిగించాక బాగానే చల్లబడిందండీ, గ్యాస్ లేకపోతే ఎలా చల్లబడింది?" అని అడగండి. ఆ ప్రశ్నకి నిజాయితీగల మెకానిక్ సంతోషిస్తాడు.

నేను వెళ్ళినప్పుడు చేసేదీ ఇదే. ప్యానెల్ స్క్రూలు విప్పి, జాగ్రత్తగా ముందుకి లాగి, మీటరు తీయకముందే మంచును చదువుతాను. కాయిల్ నిండా, కింది వరస నుంచి పై వరస దాకా ఒకే మందంలో తెల్లటి పిండిలాంటి పల్చని మంచు ఉంటే గ్యాస్ సరిపోయినంత ఉంది, వేరేచోట వెతకాలి. రేకులు కనిపించకుండా గడ్డ కట్టేసి, ఫ్యాను దాకా పాకి ఉంటే డీఫ్రాస్ట్ పనిచేయడం లేదు. గ్యాస్ లోపలికి వచ్చేచోట ఒకటి రెండు మెలికలు మాత్రం తెల్లబడి, మిగతా కాయిల్ తడిగా, బోడిగా ఉంటే అప్పుడు గ్యాస్ తగ్గింది, లేదా క్యాపిలరీ సగం మూసుకుంది. అసలు మంచే లేకుండా కంప్రెసర్ మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడిగా తిరుగుతుంటే గ్యాస్ మొత్తం పోయి ఉండాలి, కాకపోతే కంప్రెసర్ తిరుగుతూ కూడా నొక్కలేని స్థితికి వచ్చి ఉండాలి. మీ ఇంటికి వచ్చిన మెకానిక్ ప్యానెల్ విప్పినప్పుడు పక్కన నిలబడి మీరూ చూడండి. ప్యానెల్ విప్పకుండానే, సింగిల్ డోర్ అయితే మంచు ఎక్కడెక్కడ పట్టిందో చూడకుండానే గ్యాస్ అని తేల్చేసినవాడి మాట మీద డబ్బు పెట్టకండి.

తేమ వల్ల వచ్చే చోకింగ్ అనే జబ్బు ఒకటుంది, అది అందరినీ ఏడిపిస్తుంది. గొట్టాల్లో తేమ చేరితే క్యాపిలరీ చివర, కాయిల్లోకి దూరే చోట చిన్న ఐసు గింజ కట్టి దారి మూస్తుంది. కూలింగ్ ఆగిపోతుంది. ఫ్రిజ్ ఆపి కొన్ని గంటలు వదిలితే ఆ గింజ కరిగి మళ్ళీ చల్లబడుతుంది, మళ్ళీ మూసుకుంటుంది. వేడినీళ్ళలో ముంచిన గుడ్డ ఆ మూల మీద వేస్తే గ్యాస్ బుసబుసమంటూ దూకడం చెవికి వినిపిస్తుంది. తేమ అక్కడికి ఎలా వచ్చిందంటే, చాలాసార్లు గతంలో గ్యాస్ ఎక్కించినవాళ్ళు సరిగా వాక్యూమ్ చేయకపోవడం వల్లే.

గాస్కెట్, దుమ్ము, చోటు, ఈ మూడూ తొందరగా చెప్పేస్తాను. తలుపు రబ్బరు మధ్య పది రూపాయల నోటు పెట్టి తలుపు వేసి లాగండి. పట్టు లేకుండా జారిపోతే అక్కడ వేడిగాలి దూరుతోంది. ముందు సబ్బు నీళ్ళతో తుడిస్తే చాలాసార్లు జిడ్డు పోయి మళ్ళీ అంటుకుంటుంది. వెనక జాలీ ఉంటే ప్లగ్గు తీసి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. గోడకి ఫ్రిజ్‌కి మధ్య కనీసం జానెడు చోటు వదలండి. ఫ్రిజ్ లోపల స్టిక్కర్ మీద ఎస్‌టీ అనో టీ అనో క్లైమేట్ క్లాస్ ఉంటుంది. ఎస్‌టీ అంటే 38 డిగ్రీల గది వేడి దాకా, టీ అంటే 43 దాకా సరిగా పనిచేసేలా తయారైనదని. రెంటచింతలలో, రామగుండంలో మే నెలలో బయట 45 దాటిన రోజులుంటాయి. రేకుల కప్పు కింద, పొయ్యి పక్కన పెట్టిన ఫ్రిజ్ ఆ వేడిలో ఎంత తిరిగినా మైనస్ 18 అందుకోలేదు. అది రిపేరు కాదు, ఫ్రిజ్‌ని ఆ మూల నుంచి జరపాలి.

ఫ్రీజర్ నిండా సరుకు కుక్కి వెనక ప్యానెల్ రంధ్రాలు మూసేస్తే కూడా గాలి ఆడదు. ఆదివారం తెచ్చిన మాంసం, చేపలు అన్నీ ఒకేసారి పెద్ద ముద్దగా పెట్టేకంటే పల్చటి ప్యాకెట్లుగా చేసి, వెనక నాలుగు వేళ్ళ చోటు వదిలి పెట్టండి.

ఎండాకాలం సాయంత్రాలు ఇంకో ఫోన్ వస్తుంది: "టిక్కుమంటోంది, కాసేపు మూలిగి మళ్ళీ టిక్కుమంటోంది, స్టార్ట్ అవట్లేదు." వీధిలో ఏసీలన్నీ ఒకేసారి వేసినప్పుడు, ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా ఉన్న ఇళ్ళలో వోల్టేజీ పడిపోతుంది. 230 ఉండాల్సినచోట 170 వస్తే మామూలు కంప్రెసర్ కదలలేక మూలుగుతుంది. కంప్రెసర్‌ని కాపాడే ఓవర్‌లోడ్ అనే భాగం వేడెక్కి కరెంటు తెంచేస్తుంది, చల్లారాక మళ్ళీ కలుపుతుంది. ఆ టిక్కు శబ్దం దానిదే. వోల్టేజీ బాగున్నా ఇలాగే ఉంటే స్టార్టింగ్ రిలే పోయి ఉండొచ్చు, అది చిన్న భాగం. కరెంటు పోయి వెంటనే వచ్చినప్పుడు కూడా ఇలాగే అవుతుంది, గొట్టాల్లో రెండువైపులా ఒత్తిడి సమం కావడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది కాబట్టి. స్టెబిలైజర్‌లో టైమ్ డిలే ఉన్నది కొనమనేది అందుకే. ఫ్రిజ్ ముట్టుకుంటే చిన్నగా షాక్ కొడుతోందంటే మాత్రం కూలింగ్ సంగతి పక్కనపెట్టి ముందు ఎర్త్ చూపించండి. మూడు పిన్నుల ప్లగ్గులో లావు పిన్ను తీసేసి వాడుతున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి, దయచేసి అలా చేయకండి.

చలి వల్ల కూడా ఫ్రీజర్ కరిగిపోతుందంటే నమ్ముతారా? మిషిగన్‌లో ఉండే మా మేనకోడలు ఒక జనవరిలో వీడియో కాల్ చేసింది. "మావయ్యా, గరాజ్‌లో రెండో ఫ్రిజ్ పెట్టుకున్నాం. ఇండియన్ స్టోర్లో కొన్న కొబ్బరి కోరు, మునక్కాడ ముక్కలు, చేపలు అన్నీ మెత్తబడిపోయాయి. బయటేమో మోకాలి లోతు మంచు!" చాలా ఫ్రిజ్‌లలో థర్మోస్టాట్ ఒకటే, అదీ కింది గదిలో ఉంటుంది. గరాజ్ గాలే 3, 4 డిగ్రీలున్నప్పుడు కింది గది దానంతట అదే చల్లగా ఉంటుంది. థర్మోస్టాట్ కంప్రెసర్‌ని లేపదు. పై ఫ్రీజర్‌కి మైనస్ 18 కావాలని దానికి తెలియదు. ఫ్రిజ్‌లో ఏ లోపమూ లేదు, ఇంట్లోకి జరుపుకోమన్నాను. అక్కడ స్థిరపడిన మనవాళ్ళు ఇలాంటి చలికాలంలో మెకానిక్‌ని పిలిచేముందు గరాజ్ ఎంత చల్లగా ఉందో చూసుకోండి.

ఇక నిజంగానే గ్యాస్ పోయినప్పటి మాట. మూసి ఉన్న గొట్టంలోంచి గ్యాస్ పోయిందంటే ఎక్కడో చిల్లు ఉంది. చిల్లు వెతక్కుండా గ్యాస్ ఎక్కిస్తే వచ్చే వేసవికి మళ్ళీ అదే ఖర్చు. ప్రతి ఏడాదీ గ్యాస్ ఎక్కించుకోవడం ఫ్రిజ్‌కి మామూలే అనుకునే ఇళ్ళు చూస్తే నాకు కడుపు మండుతుంది. సరైన పని ఇలా ఉంటుంది. నైట్రోజన్ ఒత్తిడి పెట్టి, అతుకుల మీద సబ్బు నురగ రాసి బుడగ ఎక్కడ వస్తుందో చూడాలి. చిల్లు దొరికాక అతకాలి. తేమను పీల్చే డ్రయర్‌ని, అంటే క్యాపిలరీ మొదట్లో ఉండే వేలెడు రాగి గొట్టాన్ని, తప్పకుండా కొత్తది వేయాలి. వాక్యూమ్ పంపు పెట్టి గాలి, తేమ లాగేయాలి. అది పది నిమిషాల పని కాదు. చివరికి తూకం మీద గ్యాస్ గ్రాముల్లో ఎక్కించాలి. చెవితో శబ్దం విని, చేత్తో గొట్టం పట్టుకుని అందాజాగా ఎక్కించే రోజులు పోయాయి.

ఎందుకు పోయాయో చెప్పాలంటే గ్యాస్ మారిన కథ చెప్పాలి. నేను పని నేర్చుకున్నప్పుడు ఫ్రిజ్‌లలో ఆర్-12 ఉండేది. ఆకాశంలో ఓజోన్ పొరను అది తినేస్తోందని 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు హెచ్చరించారు. 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం జరిగింది. మన దేశం కూడా 2010 నాటికి ఆ రకం గ్యాస్‌లను వదిలేసింది. దాని బదులు వచ్చిన ఆర్-134ఏ ఓజోన్‌కి హాని చేయదు గానీ, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. ఇప్పుడు కొత్త ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉన్నది ఆర్-600ఏ, అంటే ఐసోబ్యూటేన్. వాతావరణానికి చాలా మేలు, కరెంటు కూడా తక్కువ. ఇది మీ వంటగ్యాస్ జాతిదే, అగ్గి తగిలితే అంటుకుంటుంది.

అందుకని భయపడనక్కర్లేదు. చిన్న ఫ్రిజ్‌లో ఇది 40, 50 గ్రాములే ఉంటుంది. కాని రిపేరు చేసేటప్పుడు జాగ్రత్త తప్పనిసరి. కిటికీలు తెరవాలి, పొయ్యి ఆర్పాలి, గొట్టాల్లోని గ్యాస్‌ను బయటి గాలిలోకి వదిలేశాకే మంట ముట్టించాలి, వీలైతే మంట లేకుండా నొక్కి బిగించే జాయింట్లు వాడాలి. అంత తక్కువ గ్యాస్‌లో పది గ్రాములు అటూ ఇటూ అయినా కూలింగ్ చెడుతుంది, తూకం తప్పదనేది అందుకే. ఇంకో సంగతి, పని చేసేటప్పుడు ఈ గ్యాస్ ఫ్రీజర్ కాయిల్లో బయటి గాలి కంటే తక్కువ ఒత్తిడిలో ఉంటుంది. ఆవైపు చిల్లు పడితే గ్యాస్ బయటికి పోవడంతోపాటు తేమగాలి లోపలికి వస్తుంది. ఇందాక చెప్పిన చోకింగ్‌కి అదొక దారి. ఆర్-600ఏ ఫ్రిజ్‌లో ఆర్-134ఏ ఎక్కించేవాళ్ళు ఉన్నారు, దొరికింది కదా అని. కంప్రెసర్ వేరు, దానిలో నూనె వేరు, ఒత్తిళ్ళు వేరు. కొన్నాళ్ళు చల్లబడినట్టే ఉండి కంప్రెసర్‌ని చంపేస్తుంది.

కరెంటు పోయి గానీ, ఫ్రిజ్ చెడి గానీ ఫ్రీజర్ ఆగిపోతే తలుపు తీయకుండా ఉంచడం మీ చేతిలో ఉన్న మంచి మందు. నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తీయకపోతే దాదాపు రెండు రోజులు, సగం నిండినది ఒక రోజు చల్లదనం నిలుపుకుంటుంది. కింది గది నాలుగు గంటలే. పూర్తిగా మెత్తబడి, గది వేడికి వచ్చిన చేపలు, మాంసం మళ్ళీ గడ్డకట్టించి తినొద్దు. మళ్ళీ గడ్డకట్టినంత మాత్రాన అందులో పెరిగిన క్రిములు చావవు. ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్ళుంటే ఇంకా జాగ్రత్త. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్లోగానీ, దాని కిందే ఉన్న చిల్ ట్రేలోగానీ, వెనక గోడకి ఆనించిగానీ పెడితే గడ్డకడుతుంది, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉన్నా పనికిరాదు. ఫ్రిజ్ సరిగా చల్లబడటం లేదని నాబ్ చివరిదాకా తిప్పేసినప్పుడు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. నేను ఏ ఇంట్లో నాబ్ తిప్పినా ముందు ఆ సీసా ఎక్కడుందో అడుగుతాను.

బాగుచేయించాలా, మార్చాలా అంటే నా లెక్క ఇదీ. గాస్కెట్, రిలే, హీటర్, ఫ్యాను, థర్మోస్టాట్ పోతే ఎంత పాతదైనా బాగుచేయించండి. పక్క గోడల లోపల దాగిన కండెన్సర్‌కి చిల్లు పడితే వెనక బయటి కండెన్సర్ బిగించి నడిపించవచ్చు. కంప్రెసర్ పోతే ముందు వారంటీ కార్డు వెతకండి. చాలా కంపెనీలు కంప్రెసర్‌కి 10 ఏళ్ళిస్తున్నాయి, అయితే గ్యాస్‌కి, కూలికి విడిగా కట్టమని చిన్న అక్షరాల్లో ఉంటుంది. పన్నెండు పదిహేనేళ్ళు దాటిన ఫ్రిజ్‌లో సొంత ఖర్చుతో కొత్త కంప్రెసర్ వేయించొద్దు. ఆ డబ్బు కొత్తదానికి కలుపుకోండి, కరెంటులో కొంత తిరిగి వస్తుంది.

ఈ పత్రిక పక్కనపెట్టి ఒక పని చేయండి. మీ ఫ్రిజ్ వెనకో, లోపలి గోడ మీదో ఉన్న స్టిక్కర్‌ని ఫోన్లో ఫొటో తీసుకోండి. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు, ఏ క్లైమేట్ క్లాస్ అన్నీ దాని మీదే ఉంటాయి. రేపు ఎవరైనా మీ ఇంటికి వచ్చి గ్యాస్ ఎక్కించాలంటే ఆ ఫొటో చూపించి, చిల్లు ఎక్కడుందో చూపించమనండి, తూకం తెచ్చాడో లేదో అడగండి.